ఎడమ కొక్కెం

కొక్కెం ఎగిరిపోయింది. టింగుమని చిన్న చప్పుడు, అంతే. అప్పటిదాకా అది భార్య కనుబొమ్మలు సరిచేసుకునే ట్వీజర్స్ కొసన బుద్ధిగా కూర్చునే ఉంది, బియ్యపు గింజలో సగమైనా లేని ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క. రైల్వే అనౌన్సరు ఊపిరి బిగబట్టి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, దాన్ని బొమ్మబండి ముక్కు దగ్గరికి తీసుకుపోతున్నాడు. ఇంకొక్క వెంట్రుకవాసి, అంతే. అంతలో వేళ్లు ఒక్క రవ్వ ఎక్కువ నొక్కాయి, కొక్కెం వెళ్లిపోయింది, ఎటు వెళ్లిందో చూసే వ్యవధి కూడా ఇవ్వలేదు, రైలైతే కనీసం ఏ ప్లాట్‌ఫారం మీంచి పోయిందో తెలుస్తుంది. ఖాళీ ట్వీజర్స్ అలాగే పట్టుకుని, ఏళ్ల తరబడి అలవాటు కొద్దీ మనసులోనే ప్రకటించేశాడు: ప్రయాణికులకు గమనిక, ఎడమవైపు కొక్కెం నిరవధికంగా ఆలస్యంగా నడుచుచున్నది, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

చింతించడం అతని ఉద్యోగం. స్టేషన్లో మైకు ముందు కూర్చుని, తాను నడపని రైళ్ల తరఫున, తాను చెయ్యని ఆలస్యాలకి, తన కంటికి కనిపించని జనానికి రోజల్లా క్షమాపణలు చెబుతాడు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు మామగారు చాలాసేపు ఆలోచించి, "రైలు బాగుచేసేవాడు వేరే ఉన్నాడా?" అని అడిగారు. ఉన్నాడండీ. "నడిపేవాడు?" వేరే ఉన్నాడండీ. "మరి నువ్వేం చేస్తావు?" చెబుతానండీ. "ఏమని?" రాలేదని చెబుతానండీ. ఆ రోజు నుంచీ అతని పేరు మైకు. మైకు తిన్నాడా, మైకు ఇంకా లేవలేదా, మైకు ఇవాళ డ్యూటీకి పోడా అని కూతుర్ని అడుగుతారు, మైకు ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నా సరే. అల్లుడూ అని పిలిచిన పాపాన పోలేదు. అతనికి దాని మీద కోపం లేదు. ఉంది, కొంచెం ఉంది, చెప్పుకోలేనంత చిన్నది, పోయిన ఆ కొక్కెమంత.

ఆ మామగారు ఇంకో గంటలో ఇంటికొస్తారు, చూపు తెచ్చుకుని మరీ వస్తారు. కుడికంటికి శుక్లం తీశారు, ఇవాళ కట్టు విప్పారు. ఇందాకే భార్య ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది: "ఏమండీ, నాన్నకి అంతా కనిపిస్తోందట. డాక్టరుగారి చొక్కాకి గుండీ ఊడిందని కూడా చెప్పేశారు. మందులు కొనుక్కుని బయల్దేరతాం. మీ బండి అయిందా?" అయిపోయినట్టే, ఒక్క కొక్కెం అంటించి పైన మూతలు మూసెయ్యడమే మిగిలింది, అన్నాడు గొప్పగా. ఆ గొప్ప ఇప్పుడు తల్చుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. నిజం చెప్పాలంటే మామగారి చూపు మసకబారిన ఈ రెండేళ్లూ మొగుడూ పెళ్లాలకి ఆటవిడుపు. గోడకి పెచ్చులూడినా, ఫ్యాను రెక్కలకి దుమ్ము పట్టినా, అతను స్నానాలగది గడియ తలకిందులుగా బిగించినా అడిగే నాథుడు లేడు. ఆయన మాత్రం పాపం చేత్తో తడిమి, "ఈ గడియ ఎవడు వేశాడు?" అని అడిగారు. భార్య తొణక్కుండా వడ్రంగి అని చెప్పింది. "వాడికి తాగుడు అలవాటుందేమో కనుక్కో" అన్నారాయన. అతను ఆ రాత్రంతా తాగని వడ్రంగి తరఫున సిగ్గుపడ్డాడు.

సరే, వెతకాలి. అతను కుర్చీలోంచి నెమ్మదిగా, కాలు కింద పెడితే కొక్కెం మీదే పడుతుందేమోనన్న భయంతో, ముందు ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి నేలకి ఆనించి, చిట్టచివరకి నాలుగు కాళ్ల మీద నిలబడ్డాడు. నేల చల్లగా ఉంది. ఈ ఎత్తు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. బల్ల అడుగున ఎవరో పెన్సిల్‌తో బాణం గుర్తు గీశారు, ఇన్నేళ్లు ఈ బల్ల దగ్గర తిన్నాడు గానీ బాణం సంగతి తెలియదు, అది ఎటు చూపిస్తోందో అని తల తిప్పి చూశాడు, గోడకి చూపిస్తోంది. తలుపు వార సాలెపురుగు ఒకటి నిశ్చింతగా కాపురం చేస్తోంది. ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ, అంటే నేల మీద నీడలో నల్లగా కనిపిస్తుంది, నలుపు కోసం చూడాలి. నలుపు దొరికింది. ఎండుద్రాక్ష. మళ్లీ నలుపు. చీమ, నడుస్తోంది, కాబట్టి కాదు. మూడోది వంకర తిరిగి అచ్చు కొక్కెంలాగే ఉంది, తీసి వెలుతుర్లో పెడితే తన కాలిగోరు. ఎన్నడు కత్తిరించుకున్నాడో, ఎలా వచ్చి ఇక్కడ పడిందో. మామగారి కొత్త కంటికి ఇది మొదటి విందయ్యేది. జేబులో వేసుకుందామనుకుని, ఛీ అనుకుని, కిటికీలోంచి విసిరేశాడు.

కొక్కెం లేకపోతే ఏం, బండికి చక్రాలు ఎనిమిదీ ఉన్నాయిగా, పైన చిన్న తుపాకీ గూడు ఉంది, ముక్కు పడవలా కోసుగా ఉంది, వెనక నీళ్లు చిమ్మే గొట్టం ఉంది, పక్కన నంబరు కూడా అంటించాడు, ఎవరు చూసినా భేష్ అంటారు. మామగారు ఒక్కరే అనరు. ఎందుకంటే ఆయనకి ఆ బండంటే ఆ కొక్కెమే. సోవియట్ వాళ్లు తయారుచేసిన ఉక్కుబండి, నేల మీదా పోతుంది నీళ్లలోనూ ఈదుతుంది, సైన్యంలో ఉన్నన్నాళ్లూ ఆయన దానికి డ్రైవరు. ఒకసారి ఏరు దాటుతుంటే అవతలి గట్టు దగ్గర ముక్కు బురదలో దిగబడిపోయింది. గట్టు మీద ఇంకో బండి లాగడానికి సిద్ధంగా ఉంది, తాడు తగిలించే నాథుడు లేడు, కుడి కొక్కెం బురదలో కూరుకుపోయింది, ఎడమ కొక్కెం ఒక్కటే దిక్కు. ఎవరు దూకారు? ఇంకెవరు. అతను ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నీళ్లు మోకాళ్ల దాకా ఉండేవి. మరో ఏడాదికి నడుము దాకా వచ్చాయి. అత్తగారు బతికుండగా గొంతు దాటనిచ్చేది కాదు, "చాల్లెండి, మీరు జలుబు తెచ్చుకుని వచ్చారు, అంతే" అని ఆనకట్ట వేసేది. ఆవిడ పోయాక అడ్డేముంది, నిరుడు దూరపు చుట్టం ఒకాయన వస్తే మామగారు పూర్తిగా మునిగి, కళ్లు మూసుకుని, చేత్తో తడుముకుంటూ కొక్కెం పట్టుకున్నారు. కథలో నీళ్లు ఎంత పెరిగినా ఎడమ మాత్రం కుడి కాలేదు. ఆయన చెప్పేటప్పుడు ఎడమచెయ్యి ముందుకు చాచి, చూపుడువేలు వంచి, ఇదిగో ఇలా, అంటారు. ఆ వేలు అలా వంగగానే ముఖంలో ఏదో వస్తుంది. గర్వం అనుకునేవాడు అతను ముందు. ఈ మధ్య, మసక కళ్లతో చెబుతున్నప్పుడు చూస్తే, గర్వంలా కనిపించలేదు. అప్పుడొక చెయ్యి పనికొచ్చింది, ఇప్పుడది గోడలు తడుముకుంటోంది, అన్నట్టుంది.

అందుకే కదా ఇదంతా. స్టేషన్ ఎదురు బొమ్మల కొట్టు అద్దంలో అట్టపెట్టె కనిపించింది, పెట్టె మీద బొమ్మలో అదే బండి ఏట్లోకి దిగుతోంది. డ్యూటీకి పోతూ చూశాడు, వస్తూ చూశాడు, ఆ మధ్యలో ఒక రైలుని వేరే ప్లాట్‌ఫారం మీదకి ప్రకటించి జనాన్ని వంతెన ఎక్కించి దించాడు. కొన్నాక ఇంటికొచ్చి తెరిస్తే అందులో బండి లేదు. చట్రాలకి వేలాడుతున్న ముక్కలున్నాయి, ఒక చిక్కుడు పాదు పీకి పెట్టెలో పెట్టినట్టు. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, గీకి, జిగురు పెట్టి మనమే బండి చేసుకోవాలట. ఎలా చెయ్యాలో తెలిపే కాగితం అతనికి రాని భాషలో ఉంది, బొమ్మలు ఉన్నాయి గానీ అవి తెలిసినవాళ్ల కోసం గీసినవి. భార్య పెట్టెలోకి తొంగిచూసి, అతని చేతుల వంక చూసి, మళ్లీ పెట్టెలోకి చూసి, "బొమ్మల కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడేమో" అంది మెత్తగా. ఆమెకి వాళ్ల నాన్న పోలిక ఆ ఒక్క విషయంలో. తీసుకోడు, అన్నాడు అతను, అడక్కుండానే.

సోఫా కింద ఉండొచ్చు. ఎగిరిన వాలు చూస్తే ఉండాలి. అతను బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, సోఫా కిందికి చెయ్యి పోనిచ్చాడు. చీపురు చేరని మూల అది, గోడకీ సోఫాకీ నడుమ. వేళ్లకి గుండ్రంగా, చిన్నగా ఏదో తగిలింది. ఇంకోటి. ఇంకోటి. పిడికిట్లోకి ఊడ్చి బయటికి లాగితే, మాత్రలు. తెల్లవి, లేత గులాబీవి, సగం నమిలి ఉమ్మేసిన పసుపువి. ఈ సోఫా మామగారిది. రోజూ పొద్దున్న భార్య బీపీ మాత్ర చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, మింగేదాకా నిలబడుతుంది, ఆయన తల వెనక్కి వాల్చి గుటకేసి, "అయిందా, తృప్తేనా" అంటారు. ఏరు దాటించిన చేతికి సోఫా సందులో మాత్ర జారవిడవడం ఓ లెక్కా. ఇది భార్యకి చెప్పాలి. చెబితే కొత్త కంటితో వచ్చిన మనిషికి గుమ్మంలోనే అక్షింతలు. చెప్పకపోతే తప్పు. చెప్పాలి, ఇవాళ కాదు. మాత్రలన్నీ చొక్కా జేబులో పోసుకున్నాడు, అవి ఎండిన గింజల్లా గలగలమన్నాయి. ప్రయాణికులకు మరొక గమనిక.

నేల మీద పడుకుంటే మామగారు మొదటిసారి కనిపించిన తీరు గుర్తొస్తుంది. కనిపించిందల్లా కాళ్లే. పెళ్లికి ముందు, వాళ్లింటికి మొదటిసారి వెళ్లినప్పుడు, పెరట్లో పాత జీపు కింద ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు, రెండు బూట్లు మాత్రం బయట. అతను ఇస్త్రీ చొక్కాలో, స్వరం సవరించుకుని, నమస్కారమండీ అన్నాడు బూట్లకి. జవాబుగా జీపు కిందనుంచి ఒక చెయ్యి వచ్చింది, నూనె మరకలతో, అరచెయ్యి పైకి. "పదమూడు ఇవ్వు." పదమూడేమిటి? అతను ఆ చేతి వంకా, పక్కన గుడ్డ మీద పరిచిన ఇనుప సామాను వంకా మార్చి మార్చి చూశాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. చెయ్యి ఎదురుచూస్తోంది. అన్నిటికంటే ముచ్చటగా ఉన్నదాన్ని తీసి ఆ చేతిలో పెట్టాడు. అది పటకారు. చెయ్యి దాన్ని ఒకసారి మూసి, తెరిచి, లోపలికి పోయింది. జీపు కింద నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో గానీ అతనికి ఇప్పటికీ పూర్తిగా అయిపోయినట్టు అనిపించదు. తర్వాత తెలిసింది, స్పానర్లకి నంబర్లుంటాయని, వాటి మీదే చెక్కి ఉంటాయని, చదవడం వస్తే చాలని. అతనికి చదవడమే వచ్చు, అతని ఉద్యోగమే అది.

ఆ బండిని ఆయన కళ్లెదుటే కట్టాడు, ఇంకెక్కడా బల్ల లేదు మరి. మామగారు రేడియో వింటూ ఎదురుగా కూర్చునేవారు, అతను ఇవతల చక్రాలు గీకుతుండేవాడు. "ఏమిటా గరగర?" పెన్సిల్ చెక్కుతున్నానండీ. "ఏమిటా కంపు?" కిటికీకి రంగు వేయిస్తున్నామండీ. "వడ్రంగే వేస్తున్నాడా?" అవునండీ. "వాణ్ని నమ్మకండర్రా." ఒకసారి గ్లాసు కోసం చెయ్యి చాచి, తడి ఆరని బండి పక్కనుంచి, గోరంత దూరంలోంచి వేళ్లు పోనిచ్చారు. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. కాగితంలో అర్థం కానిదంతా ఆయన్నే అడిగేవాడు, ఏదో ఊసుపోక అడుగుతున్నట్టు. మీ బండికి ముందు చక్రాలు రెండే తిరుగుతాయా మామయ్యగారూ? "నాలుగు తిరుగుతాయి. నీకెందుకు మైకూ?" ఊరికే అడిగానండీ. లోపలికి ఎలా ఎక్కేవారు? "పైన మూతలుంటాయి. తెరిచి, కాళ్లు ముందు దించాలి. నీలాంటివాడు తల ముందు పెడతాడు." అలా అడుగుతూ అడుగుతూ పెళ్లయిన ఇన్నేళ్లలో మాట్లాడనంత ఈ కొద్దికాలంలో మాట్లాడేశారు ఇద్దరూ. ఒక్కోసారి రేడియో ఆపేసి, ఇవాళ ఏమీ అడగవేం, అన్నట్టు ఇటు తిరిగి కూర్చునేవారు. బొటనవేలి గోరు ఆకుపచ్చైంది, ఇంకా వదల్లేదు. టికెట్ల కౌంటరు గుమాస్తా చూసి డాక్టరుకి చూపించుకోమన్నాడు. చూపించాల్సినవారు ఇంట్లో ఇంకొకరున్నారు, ఆయనకే చూపించాలి, ఈ బండి, ఇవాళ, ఆ కొత్త కంటికి. చూశారా, నా చేతులు కూడా చేతులే, అని ఒక్కసారి, మాట ఎత్తకుండా, బల్ల మీద పెట్టి చెప్పాలి.

కర్టెన్ల మడతల్లో లేదు. చెప్పుల్లో లేదు. తన జుట్టులో లేదు, దువ్వి చూసుకున్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. లేచి నిలబడితే మోకాళ్లు పటపటమన్నాయి. పోనీ, ఉన్న పని ముగించేద్దాం, బండి పైకప్పు మీద మూతలు రెండు ఇంకా అంటించలేదు, లోపల రంగు ఆరాలని తెరిచి ఉంచాడు. అవి మూసేస్తే కొక్కెం తప్ప అంతా అయిపోయినట్టే, తర్వాత కింద కారాగినా ఫరవాలేదు. పోయేదేదో పోయాక ఇక భయమెందుకు. జిగురు సన్నగా పూసి, మూతలు ఒకదాని తర్వాత ఒకటి దించి, వేలితో అదిమిపట్టి, ఓపిగ్గా ఊపిరి పీల్చి వదిలాడు. ఈ జిగురు మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌ని కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది, పట్టిందంటే ఇక ఇది అతుకు అని చెప్పడానికే ఉండదు. బాగా కుదిరాయి. వెంట్రుక సందు లేదు. నిజంగా తనేనా చేసింది అనిపించింది. ముచ్చటపడి బండిని అరచేతిలోకి తీసుకుని కిటికీ వెలుతుర్లోకి ఎత్తి ఇటూ అటూ వంచాడు.

గల్ మంది.

మళ్లీ వంచాడు. గల్. జేబులో మాత్రలేమో. జేబు ఎడమచేత్తో గట్టిగా నొక్కిపట్టి, కుడిచేత్తో బండి వంచాడు. గల్, గల్, చిన్నగా, ముద్దుగా, పొట్టలోంచి. అతనికి అంతా ఒక్కసారి అర్థమైపోయింది. కొక్కెం ఎక్కడికీ ఎగిరిపోలేదు. ట్వీజర్స్‌లోంచి జారి తిన్నగా పైకెగిరి, తెరిచి ఉన్న మూతలోంచి, కాళ్లు ముందో తల ముందో గానీ, బండిలోకే ఎక్కి కూర్చుంది. తను ఇల్లంతా పాకుతుంటే లోపల హాయిగా ఉంది. వెతికి వేసారి, చివరికి తన చేత్తో తనే, సందు లేకుండా, ఇంకేదీ అంటించనంత బాగా, దాని మీద మూత వేశాడు. పెట్టెకి తాళం వేసి తాళంచెవి అందులోనే పడేసినవాళ్లుంటారు, కానీ వాళ్లు సుత్తితో పగలగొట్టుకోవచ్చు. దీన్ని పగలగొడితే ఏం మిగులుతుంది, చిక్కుడు పాదు. చాకు కొస పెట్టి చూశాడు, మూత అంచు తెల్లగా గీరుకుంది, భయపడి మానేశాడు. ఇలాంటి తప్పు చెయ్యడానికి కూడా పనితనం కావాలి. నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఉండగా కళ్లు మండాయి, జిగురు ఘాటు అనుకున్నాడు. కింద కారు హారన్ మోగింది.

బండిని బల్ల మధ్యలో పెట్టాడు. వద్దు, ఎడమవైపు గుమ్మానికి కనిపిస్తోంది. గోడవైపు తిప్పాడు. ఎడమంటే ఎవరి ఎడమ, బండి ఎడమా చూసేవాడి ఎడమా, మళ్లీ తిప్పాడు, అయ్యో ఇది కాదు, మళ్లీ. మెట్ల మీద అడుగులు. మామగారి అడుగులు మామూలుగా గోడ రాసుకుంటూ వస్తాయి, ఇవి మెట్ల నడిమధ్యన వస్తున్నాయి. కొత్తగా సర్వీసులోకి వచ్చిన మామగారు కొద్ది సేపట్లో ఒకటవ నంబరు గుమ్మం మీదకు వచ్చుచున్నారు, దయచేసి కొక్కేలు లేనివారు దూరంగా నిలబడవలెను.

తలుపు తెరుచుకుంది. నల్లకళ్లద్దాల్లో మామగారు, వెనక మందుల సంచితో భార్య. ఆయన గుమ్మంలోనే ఆగి, అద్దాలు తీసి, ఇంటిని కలియజూశారు. "ఫ్యాను తుడిచి ఎన్నాళ్లయింది?" అన్నారు మొట్టమొదట. "గోడకి ఆ పెచ్చులేంటి?" తర్వాత కూతురి వైపు తిరిగి, దారంతా పక్కనే కూర్చుని వచ్చిన కూతుర్ని ఇంటి వెలుతుర్లో అప్పుడే చూసినట్టు, "నీకు జుట్టు తెల్లబడిందేమిటే?" అన్నారు. "ఎప్పుడో తెల్లబడింది నాన్నా, నువ్వే చూళ్లేదు" అని ఆమె నవ్వుతూ సంచి తీసుకుని లోపలికి పోయింది. ఆయన చూపు అల్లుడి మీదకి వచ్చింది. పై నుంచి కిందికి, మోకాళ్ల మీద దుమ్ము, భుజం మీద సాలెగూడు, ఆకుపచ్చ గోరు. "ఏమయ్యా మైకూ, జీపు కింద దూరావా ఏంటి?" అతను గబగబా మోకాళ్లు దులుపుకున్నాడు. అప్పటికి ఆయన బల్ల చూశారు.

దగ్గరికి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముట్టుకోకుండా వంగి, ఎనిమిది చక్రాలూ చూశారు, ముక్కు చూశారు, పైన గూడు చూశారు. అనౌన్సరుకి జీపు కింది నిశ్శబ్దం మళ్లీ మొదలైనట్టనిపించింది. "కిటికీకి వేసిన రంగు ఇదా" అన్నారు చివరికి. అవునండీ. "వడ్రంగి?" నేనేనండీ. ఆ గడియ కూడానండీ. మామగారు ఊ అని, రెండు చేతులతో, పసిగుడ్డుని ఎత్తినట్టు బండిని ఎత్తి, మెల్లిగా ఎడమవైపుకి తిప్పారు. అతను కళ్లు మూసుకున్నాడు. "ఎడమ కొక్కెం ఏది?"

"లోపల పడిందండీ" అన్నాడు. "నేనే పడేశాను. తెలీక మూత కూడా నేనే వేసేశాను. చింతిస్తున్నానండీ." ఈ మాట రోజుకెన్నిసార్లు అంటాడో, కానీ తను చేసినదానికి తను అనడం ఇదే మొదలు, అందుకే అలవాటు లేనట్టు ఒకవైపుకి వంగిపోయి అన్నాడు, ఆ వంగడంలో జేబులోని మాత్రలు గలగలమన్నాయి. మామగారి కొత్త కన్ను జేబు మీదకి వెళ్లింది. పల్చటి చొక్కా. తెల్లవి, గులాబీవి, పసుపువి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వంటింట్లోంచి భార్య, "ఏమిటా చప్పుడు?" అని కేకేసింది. "బండిలోదిలే" అన్నారు మామగారు వెంటనే, అని, మాట నిజం చేయడానికన్నట్టు బండిని ఊపారు.

గల్.

ఆయన చెయ్యి ఆగిపోయింది. మళ్లీ ఊపారు. ఈసారి చెవి దగ్గర పెట్టుకుని, మెల్లిగా, గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు ఊపారు. గల్, గల్, గల్. "మా బండిలో ఇదే" అన్నారు. "ఎవడు పడేశాడో ఏమో, అడుగున రేకుల మధ్య ఒక స్పానర్ పడిపోయింది. బండి కదిలితే చాలు, ఇదే చప్పుడు. ఎన్నిసార్లు విప్పాం, ఎంతమందిమి తలలు దూర్చాం, దొరకలా. ముందు చిరాకేసేది. తర్వాత తర్వాత, అది వినపడకపోతేనే నిద్రపట్టేది కాదు మాకు."

అనౌన్సరు నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? ఈ కథ ఇన్నేళ్లలో ఒక్కసారైనా విన్నాడా? మోకాళ్ల లోతు నీళ్లని నెత్తి మీదకి తెచ్చిన మనిషి, పైగా తన జేబులో ఆయన మాత్రలున్నాయి, ఇది లంచం, శుద్ధ లంచం, నోరు మూసుకోమని ఇస్తున్న బిళ్ల. అయినా ఎంత చక్కటి లంచం అనుకుంటూ ఆయన ముఖం చూశాడు. కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆపరేషనైన కన్ను కొన్నాళ్లు కారుతుందని డాక్టరు చెప్పాడు కదా, తుడుచుకోకూడదని కూడా చెప్పాడు, గుర్తుచేద్దామని వంగి చూస్తే, కారుతున్నది ఆ కన్ను కాదు. రెండోది. ఇంకా శుక్లం తియ్యనిది, మసకది, దేన్నీ చూడనిది.

"రేపట్నుంచి మాత్రలు వేసుకుంటారా?" అన్నాడు చిన్నగా, వంటింటి వైపు చూస్తూ. "వేసుకుంటాలే" అన్నారు మామగారు, చెవి దగ్గరనుంచి బండి తియ్యకుండానే. తర్వాత రెండో చెయ్యి ముందుకు చాచారు, అరచెయ్యి పైకి పెట్టి, వెనకటిలాగే. దాంట్లో ఏం పెట్టాలో ఈసారీ అతనికి తెలియలేదు, పెట్టడానికి తన చెయ్యి తప్ప ఏమీ లేదు, అదే పెట్టాడు. పెద్దాయన ఆ ఆకుపచ్చ గోరు మీద బొటనవేలితో ఒకసారి రుద్ది, బండిని మళ్లీ ఊపి విన్నారు.

"ఆ స్పానర్ పదమూడే" అన్నారు. "ఇన్నాళ్లకి అందించావు, అల్లుడూ."